‘స’ తీసి ‘చ’ పెట్టాను

ఇంజనీరింగ్ పూర్తి చేసిన ఏడాది, ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా తెలుగు సంఘం మాసపత్రికను ట్యాబ్‌లో చదువుకునేలా మార్చాను. అచ్చు రోజుల్లో, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన సన్యాసి మాస్టారు ప్రతి పేజీ రెండుసార్లు దిద్దేవారు. ఇక అవసరం లేదని, పనుల జాబితాలోంచి ఆ పనిని నేనే కొట్టేశాను.

మావాళ్లు ‘చావు’ను ‘సావు’ అని రాస్తారు. అందుకని ‘సావు’ ఉన్న ప్రతిచోటా ‘చావు’ పెట్టమని కంప్యూటరుకు చెప్పి, సంచిక విడుదల చేశాను.

ఆదివారం ఉదయం మాస్టారూ నేనూ సంఘం గదిలో ఉండగా, కిరాణా కొట్టు రమణ ఇనప రాడ్డుతో దూసుకొచ్చాడు. అతని తండ్రిని ఊరంతా సావుకారు గారంటారు. గుండె ఆపరేషనై ఇంట్లో ఉన్నారు. ఆయన షష్టిపూర్తికి మేం చెప్పిన శుభాకాంక్షల్లో ‘చావుకారు గారు’ అని పడింది.

“ఏట్రా, మంచం మీదున్న మా నాన్నకి సావు రాసీసినావా?”

నా చేతిలోని ట్యాబ్ లాక్కుని నా నుదుటి మీద బాదాడు. అద్దం పగిలి, కళ్లలోకి నెత్తురు కారింది. అతను రాడ్డు ఎత్తగానే మాస్టారు కుడిచెయ్యి అడ్డం పెట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

“ఆగరా రమణా! ఆడు రాయలేదురా, మిషను మార్సీసింది!” అంటూ కూలబడిపోయారాయన.

రమణ రాడ్డు పారేసి, ఆయన్ని ఎత్తుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించాడు. ఆసుపత్రి దారిలోనే ఫోన్‌లో ఆ అక్షరం సరిచేశాను. నిమిషం పట్టలేదు. మాస్టారి కట్టు విప్పడానికి రెండు నెలలు పట్టింది. విప్పినా ఆ చేతికి పెన్ను పట్టే బలం రాలేదు.

ఇప్పుడు నా జాబితాలో చివరి అంశం ‘మాస్టారు చూశారా?’ ఆయన ఎడమచేత్తో టిక్కు పెడితేనే సంచిక బయటికి వెళ్తుంది.