పై పోర్షన్‌లో కుందేలు

సూర్యాపేటలో మేం కిరాయికి ఉండే ఇల్లు మేడ మీద ఉంటుంది. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉంటుంది. మా నెత్తి మీద స్లాబు, దాని మీద నల్ల నీళ్ల ట్యాంకు, అంతే. మే నెల వచ్చిందంటే ఆ స్లాబు పొద్దంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి మా మీదికి వదలడం మొదలుపెడుతుంది. పొద్దున పదింటికే నల్లా తిప్పితే చేతులు కాలే నీళ్లు వస్తాయి. బీరువా తలుపు తీయాలంటే కొంగు అడ్డం పెట్టుకోవాలి.

నాకూ మా ఆయనకూ ఇది అలవాటే. ఆయన దామరచర్ల పవర్ ప్లాంటులో పనిచేస్తాడు, శనివారాలు వస్తాడు. నేను మోతె మండలంలో ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతాను. రేకుల గదుల్లో, ఫ్యాను తిరగని గదుల్లో ఎండలు చూసినదాన్నే. కానీ ఆ వేసవిలో మా ఇంట్లో ఒక కుందేలు ఉంది.

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకు వాళ్ల నాన్న తెచ్చాడు దాన్ని. తెల్లగా ఉండేది, ఒక చెవి మీద మాత్రం బూడిద రంగు మచ్చ. చలికాలమంతా ఇల్లంతా గెంతుతూ, నా పరీక్ష పేపర్ల అంచులు కొరుకుతూ హాయిగా గడిపింది. ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి గెంతడం మానేసింది. బాత్రూం గడప దగ్గర పొట్ట నేలకు ఆనించి, వెనక కాళ్లు బార్లా చాపుకొని పడుకునేది. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడి చెవుల నుంచే పోవాలి అని మా అమ్మాయే ఫోనులో చూసి చెప్పింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరు అటు వెళ్లినా వంగి దాని చెవులు పట్టుకుని చూడటమే పని.

బడికి సెలవులు ఇవ్వగానే అమ్మాయి కోదాడకు మా అమ్మ దగ్గరికి వెళ్లింది. అక్కడ వాకిట్లో రెండు కుక్కలున్నాయి కాబట్టి కుందేలును నాకు అప్పగించింది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి మరీ వెళ్లింది. గడ్డకట్టించిన నీళ్ల బాటిలు టవల్లో చుట్టి పక్కన పెట్టాలి. కిటికీకి తడి గోనెసంచి వేలాడదీయాలి. కూలరు ఆపకూడదు. రోజూ సాయంత్రం ఆరింటికి వీడియో కాల్ చేస్తే కుందేలును చూపించాలి.

అన్నీ చేశాను. చేస్తున్నకొద్దీ నా భయం ఎక్కువైంది తప్ప తగ్గలేదు. ఫ్యాను కొంచెం నెమ్మదించినా లేచి చూసేదాన్ని. స్నానానికి వెళ్లినా తలుపు ఓరగా పెట్టి కూలరు చప్పుడు వింటూ ఉండేదాన్ని. ఒక రోజు అది మధ్యాహ్నం వరకు ఏమీ తినకపోతే నేనూ తినలేకపోయాను. ఇంత చిన్న ప్రాణం కోసం ఇంత గాభరా ఏమిటని నాకే సిగ్గుగా ఉండేది. అయినా అది పరాయి సొమ్ము అనిపించేది నాకు. నా బిడ్డదే అయినా, నాకు అప్పగించి పోయింది కదా.

ఇంటావిడతో నాకు అప్పటికి అంతగా మాటల్లేవు. మార్చిలో నేను బడిలో ఉండగా, నల్లా కారుతున్నదని తన దగ్గరున్న రెండో తాళంచెవితో ఇంట్లోకి వచ్చింది. కుందేలు పెంటికలు చూసి సాయంత్రం మెట్ల దగ్గరే నిలదీసింది. "నేను మనుషులకు కిరాయికిచ్చిన, టీచరమ్మా, జంతువులకు కాదు" అన్నది. నాకు ఒళ్లు మండింది. మర్నాడే ఆ తాళంచెవి అడిగి తీసేసుకున్నాను.

మే మూడో వారంలో మిర్యాలగూడలో మా బడి టీచరు ఒకావిడ కూతురి పెళ్లి వచ్చింది. వెళ్లక తప్పదు. దామరచర్ల నుంచి మా ఆయన బండి మీద నేరుగా అక్కడికి వచ్చేటట్టు మాట్లాడుకున్నాం. నేను పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాను. కూలరు నిండా నీళ్లు పోశాను, రెండు బాటిళ్లు పెట్టాను, గోనెసంచి తడిపాను. తాళం వేసి నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి తలుపు తీసి చూశాను. అది ఆకు నములుతూ నావైపు చూసింది. మూడింటికల్లా వచ్చేస్తానని దానికే చెప్పి వెళ్లాను.

ఫంక్షన్ హాలులో మనిషెత్తు కూలర్లు పెట్టారు. చల్లని నీటి తుంపర మొహానికి తగులుతోంది. పాస్టరుగారి ప్రసంగం అయిపోయి, భోజనాలకు కూర్చుంటుండగా ఫోన్ మోగింది. ఇంటావిడ. హాలు బయటికి వచ్చి ఎత్తాను.

"టీచరమ్మా, పైన నల్లా గిట్ల ఇప్పిపెట్టి పోయినవా ఏంది? ట్యాంకుల నీళ్లు అయిపోయినయి. మోటరు ఎయ్యాలంటే కరెంటు లేదు."

"కరెంటు ఎప్పుడు పోయింది పెద్దమ్మా?"

"పదిన్నరకే పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంట. సాయంత్రం దాక రాదంటున్నరు."

గడియారం చూశాను. పన్నెండు ఇరవై. దాదాపు రెండు గంటలు. కిటికీలో కూలరు బిగించాం కాబట్టి మిగతా కిటికీలన్నీ నేనే గట్టిగా మూసి వచ్చాను, వేడిగాలి రాకుండా. వరండా వైపు ఒక్క కిటికీకి మాత్రం రెక్కలు సరిగా పడవు, అదొక్కటే ఓరగా ఉంటుంది. బాటిళ్లలో మంచు ఈపాటికి కరిగిపోయి ఉంటుంది. ఎవరూ లేని ఇంటికి నా చేత్తో నేనే తాళం వేసి వచ్చాను.

"పెద్దమ్మా, జర పైకి ఎక్కి చూస్తవా? లోపల కుందేలున్నది" అన్నాను.

ఆమెకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కాలంటే ఒక్కో మెట్టు మీద కూర్చుని లేస్తుంది.

"నా మోకాళ్ల సంగతి నీకు ఎరుకే కదా. ఎక్కినా గానీ తాళం నీ దగ్గరనే పెట్టుకుంటివి. లోపలికి ఎట్ల పోవాలె?"

"వరండా కిటికీ తెరిచే ఉంటది. పక్కన డ్రమ్ములో నీళ్లున్నయి..." అని ఏదో చెప్పబోతుండగా ఫోన్ కట్టయింది. ఆమె పెట్టేసిందో, సిగ్నల్ పోయిందో తెలియదు.

మా ఆయనను భోజనాల వరుస నుంచి లేపాను. ఆకులో ఇంకా ఏమీ వడ్డించలేదు. విషయం చెప్పగానే, "బస్సు కోసం ఆగితే మూడయితది. బండి మీదనే పోదాం. కానీ ఈ ఎండల నువ్వు తట్టుకుంటవా?" అన్నాడు.

"తట్టుకుంట. నువ్వు పోనీ."

తలకూ మొహానికీ తడి టవళ్లు చుట్టుకున్నాం. ఊరు దాటకముందే అవి ఎండి అట్టలయ్యాయి. ఎదురుగాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు మొహానికి కొట్టింది. కళ్లు తెరిస్తే మండుతాయి, మూసుకుంటే బాత్రూం గడప దగ్గర చాపుకున్న వెనక కాళ్లు కనిపిస్తాయి. కోసేసిన వరి మళ్లు రెండు పక్కలా బీటలు వారి ఉన్నాయి. ఆగి ఉన్న లారీ కింద నీడలో మేకలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని నిలబడ్డాయి. దారిలో మూడుసార్లు ఇంటావిడకు ఫోన్ చేశాను. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తుతలేదు" అన్నాను.

"పండుకున్నదేమో."

"కోపమొచ్చిందేమో."

ఆయన బండి వేగం పెంచాడు. ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి నీళ్లు తాగాం. నీళ్లు తాగుతుంటే కూడా తప్పు చేస్తున్నట్టే ఉంది. కుందేలు గిన్నెలో నీళ్లు ఎంత వేడెక్కి ఉంటాయో అనుకున్నాను. నాకు తెలియకుండానే ప్రార్థన చేస్తున్నాను, కానీ మాటలు కుదరడం లేదు, "ప్రభువా, ప్రభువా" అనే ఒక్క మాటే వస్తోంది. కుందేలు పోతే నా బిడ్డకు ఏమని చెప్పాలి? అన్నం తినడానికి పోయాను అని చెప్పాలా?

ఇంటికి చేరేసరికి రెండు కావస్తోంది. కింద ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు. మంచం మీద ఆమె ఫోన్ పడి ఉంది. నేను మెట్లు ఎక్కుతుంటే పైనుంచి నీళ్ల చప్పుడు వినబడింది.

ఆమె మా వరండాలో, కిటికీ కింద, స్టూలు మీద కూర్చుని ఉంది. నెత్తిన తడి కొంగు. కాళ్ల దగ్గర మా డ్రమ్ము. చెంబుతో నీళ్లు ముంచి, గ్రిల్లు సందులోంచి లోపలికి విసురుతోంది.

"వచ్చినవా బిడ్డా" అన్నది వెనక్కి తిరగకుండానే. "గోడ పక్కన పడ్డది. ఇందాకటిదాక చెవి కదిపింది. ఇప్పుడు కదుపుతలేదు. నాకు కండ్లు సరిగ ఆనుతలేవు, నువ్వు సూడు."

తాళంచెవి మా ఆయన చేతికిచ్చాను. ఆయన తీశాడు. లోపల గదంతా మడుగు. అమ్మాయి పుస్తకాలు తడిసి ఉబ్బిపోయాయి. ఆ నీళ్లలో కుందేలు పక్కకు ఒరిగి పడి ఉంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. మూతి కింద బొచ్చంతా చొంగతో తడిసి ఉంది. డొక్కలు మాత్రం వేగంగా ఎగిరెగిరి పడుతున్నాయి. బతికే ఉంది.

దాన్ని ఎత్తుకుంటే వేడి నా చేతులకు తగిలింది. "మంచునీళ్లు దొరుకుతయేమో చూస్త" అని మా ఆయన కిందికి పరిగెత్తబోయాడు. నాకెందుకో అనుమానం వచ్చి ఆగమన్నాను. మోతెలో మా బడిలో చదివే ఒక పిల్ల తండ్రి పశువుల దవాఖానలో పనిచేస్తాడు. అతనికి ఫోన్ చేశాను.

"టీచర్, కుందేలుకు నేను ఎన్నడూ మందు ఇయ్యలే" అన్నాడు. "బర్రెలు, మేకలు, కోళ్లు, ఇవే మా లెక్క. కానీ ఎండదెబ్బ ఏ జీవికైనా ఎండదెబ్బనే. మంచునీళ్లు మాత్రం పొయ్యకుండ్రి, ఒక్కసారిగ తట్టుకోదు. మామూలు నీళ్లతోని చెవులు తడుపుతనే ఉండుండ్రి. విసురుండ్రి. నోట్ల నీళ్లు పొయ్యకుండ్రి, ఊపిరిలకు పోతయి. నేను డాక్టర్ సారుతోని మాట్లాడి చేస్త."

"కిందికి తీస్కరాండి" అన్నది ఇంటావిడ. "మా ఇంట్ల నేలకు షాబాద్ బండలు. మంచం కింద చల్లగుంటది."

మా ఆయన కుందేలును ఎత్తుకున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకుని దింపాను. ఒక్కో మెట్టుకూ ఆమె పళ్లు బిగించింది. ఎక్కేటప్పుడు ఈమె ఎలా ఎక్కి ఉంటుంది, అదీ ఒంటరిగా, అనే ఆలోచన అప్పుడు వచ్చింది నాకు. దిగుతూనే నా బ్యాగులోంచి రెండో తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అదేమిటని కూడా చూడకుండా నడుముకు దోపుకుంది.

మంచం కింద తడి గుడ్డ పరిచి పడుకోబెట్టాం. నేను నేల మీద బోర్లా పడుకుని చెవులు తుడుస్తూ ఉన్నాను. మా ఆయన అట్టముక్కతో విసిరాడు. ఎంతసేపని? ఫోనులో టైము చూడటానికి కూడా భయమేసింది. ఒకసారి డొక్కల కదలిక ఆగినట్టనిపించి వేలు పెట్టి చూశాను. ఆగలేదు. నెమ్మదించింది. అది మంచికో చెడుకో తెలియదు.

నాలుగున్నరకు సూర్యాపేటలోనే ఒక డాక్టరు చూస్తానన్నాడని ఫోన్ వచ్చింది. తడి టవల్లో చుట్టి తీసుకువెళ్లాం. ఆయన చర్మం కింద సెలైన్ ఎక్కించాడు. "రేపటిదాక ఏం చెప్పలేనమ్మా. మేత ముట్టి, పెంటిక వేస్తే ధైర్యం తెచ్చుకోండి" అన్నాడు.

తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. సరిగ్గా ఆరింటికి వీడియో కాల్ వచ్చింది. నేను ఎత్తలేదు. మళ్లీ వచ్చింది. ఎత్తలేదు. ఈసారి మా అమ్మ మామూలు ఫోన్ చేసింది.

"ఏంటమ్మా, ఫోన్ ఎత్తట్లేదు? పిల్ల ఒకటే గొడవ చేస్తోంది."

"కరెంటు లేక ఛార్జింగ్ అయిపోవచ్చిందమ్మా, వీడియో పడదు. రేపు చేస్తానని చెప్పు" అని అబద్ధం చెప్పాను. మంచం కింద అది ఇంకా తల ఎత్తలేదు.

ఆ రాత్రి ఇంటావిడ ఇంట్లోనే పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే కుందేలు మంచం కింద లేదు. ఇల్లంతా వెతికాను. అది ఇంటావిడ వంటగది గడప దగ్గర, పొట్ట నేలకు ఆనించి కూర్చుని ఉంది. కొత్తిమీర కాడ ఒకటి మూతి దగ్గర పెట్టాను. వాసన చూసింది. చాలాసేపటికి కొసన రెండు పళ్లతో కొరికింది. మూల ఒకే ఒక్క పెంటిక. దాన్ని చూసి నేను గట్టిగా ఏడ్చేశాను.

అప్పుడు కోదాడకు ఫోన్ చేసి మా అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. అది ఏడవలేదు, అరవలేదు. మధ్యాహ్నం బస్సుకు మా అమ్మను వెంటబెట్టుకుని వచ్చేసింది. వచ్చి చెప్పులైనా విడవకుండా కుందేలు పక్కన కూర్చుని చెవులు పట్టుకుని చూసింది. తడిసిన పుస్తకాలు చూపిస్తే వాటిని పక్కకు జరిపేసింది. చాలాసేపటికి అడిగింది.

"పెళ్లిల అన్నం తిన్నవా అమ్మా?"

"తినలేదు బిడ్డా."

"నాన్న?"

"నాన్న కూడా తినలే. ఆకు ముందునుంచి లేచి వచ్చిండు."

"మరి కింది అమ్మమ్మ తిన్నదా?"

ఆ సంగతి నేను అడగనే లేదు. నిన్న పన్నెండున్నర నుంచి ఆమె మా వరండాలో ఉంది. తర్వాత ఆమె ఇల్లంతా మేమే ఆక్రమించుకున్నాం. ఆమె పక్క గదిలో ఇంకో మంచం వేసుకుని, రెండు మోకాళ్లకూ గుడ్డలు చుట్టుకుని పడుకుని ఉంది. నేను వెళ్లి అడిగాను.

"ఏడ తింటి" అన్నది. "బియ్యం కడిగి పెట్టి నీకు ఫోన్ చేసిన. మళ్ల పొయ్యి ముట్టిచ్చింది లేదు."

మోకాళ్లు రెండూ వాచి ఉన్నాయి. నేను లేచి ఆమె వంటగదిలోకి వెళ్లాను. మా అమ్మాయి నా వెనకే వచ్చి, కుందేలును దాటి, బియ్యం డబ్బా మూత తీసి, "ఎన్ని గ్లాసులు అమ్మా?" అని అడిగింది.