ఆంటీ మెచ్చుకున్న నా ఫ్లూటు

నా చిన్నప్పుడు కెనడాలోని సస్కటూన్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. అందుకని ఎవరింట్లో ఏ పిల్ల ఏం నేర్చుకున్నా, శనివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర గిన్నెల పక్కన నిలబడి అందరి ముందూ చేసి చూపించాల్సిందే. ఒకరిది పద్యం, ఒకరిది డాన్సు. నా వంతుకు ఫ్లూటు వచ్చింది.

మా నాన్నగారు యూనివర్సిటీలో గోధుమ వంగడాల మీద పనిచేసేవారు. ఎవరో ఇంట్లో సామాన్లు అమ్మేస్తున్న గరాజ్ సేల్‌లో ఒక పాత ఫ్లూటు ఆయన కంటపడితే కొనుక్కొచ్చారు. నేర్పేవాళ్ళు లేరు. లైబ్రరీ పుస్తకంలో ఏ స్వరానికి ఏ వేళ్ళు మూయాలో బొమ్మలుండేవి. వాటి కింద అయిదు గీతలు, గీతల మీద చుక్కలు. ఆ చుక్కలు చదవడం నాకు నేనే నేర్చుకుంటానని పట్టుబట్టాను. అప్పట్లో నాకు పొగరు బాగానే ఉండేది.

అమ్మ నాకు సరళీ వరసలు నేర్పింది. మన సంగీతంలో 'స' ఎవరి గొంతుకు ఎక్కడ అనువైతే అక్కడ పెట్టుకుంటాం. ఆ గీతల మీద కూడా అదే పద్ధతి నడుస్తుందనుకున్నాను. ఏదో ఒక చుక్కను 'స' అనుకుని, మిగతావాటి కింద రి, గ, మ అని పెన్సిల్‌తో తెలుగులో రాసుకునేదాన్ని. పాట వికారంగా వస్తే రాసిందంతా చెరిపి 'స'ని ఇంకో గీత మీదికి జరిపేదాన్ని. అలా జరుపుతూ జరుపుతూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పాట కుదిరేది. కుదిరిన రోజు నా సంతోషానికి పట్టపగ్గాలుండేవి కావు. ఆ గీతల పద్ధతిలో ఒక్కో గీతది ఒక్కో స్వరమనీ, అది ఎవరి కోసమూ జరగదనీ నాకు తెలియదు. ఒక్కదాన్నే వాయించుకుంటే ఆ తప్పు వినపడదు. పక్కన ఇంకో వాయిద్యం మోగితేనే బయటపడుతుంది.

మా వీధి చివర ఒక ఆంటీ ఉండేవారు. సికింద్రాబాద్ కాన్వెంట్‌లో చదివేటప్పుడు పియానో నేర్చుకున్నారట. మా వాళ్ళందరిలో ఆ చుక్కలు చదవడం వచ్చినది ఆవిడ ఒక్కరికే. వాళ్ళమ్మాయీ నేనూ ఒకే క్లాసు, ఆ అమ్మాయిదీ ఫ్లూటే. స్కూలు బ్యాండ్‌లో ఆ ఏడాది ఫ్లూటుకు ఒకటే ఖాళీ.

ఆ ఖాళీ నాకు ఎంత కావాలో చెప్పాలి. మా స్కూల్లో లంచ్ తర్వాత ఎంత చలైనా పిల్లల్ని బయటికి పంపేవారు. బ్యాండ్ పిల్లలు మాత్రం ప్రాక్టీస్ పేరుతో లోపలే ఉండేవారు. నాతో మాట్లాడే పిల్లలు ఎవరూ లేరు. ఆ సమయమంతా కంచె దగ్గర ఒక్కదాన్నే నిలబడి, కనురెప్పల మీద పేరుకున్న మంచు తుడుచుకుంటూ బ్యాండ్ రూమ్ కిటికీ వైపు చూసేదాన్ని. లోపల వాళ్ళు నవ్వుకోవడం కనిపించేది.

ఒకరోజు అమ్మ నన్ను ఆంటీ ఇంటికి తీసుకెళ్ళింది. నేను వాయిస్తుంటే ఆవిడ నా కాగితం చూస్తూ పియానో మీద అదే పాట అందుకున్నారు. రెండూ కలిసేసరికి పళ్ళు జివ్వుమన్నాయి. ఆవిడ నా వేళ్ళు చూశారు. నా పెన్సిల్ అక్షరాలు చూశారు. తర్వాత నవ్వి, పియానో మూత దించేశారు.

"మా పియానో చలికి శ్రుతి తప్పిందిలే బంగారం. నువ్వు మాత్రం భలే వాయిస్తున్నావ్. ఇలాగే ప్రాక్టీస్ చెయ్యి, ఎక్కడా మార్చకు."

నేను మార్చలేదు. ఆ చలికాలమంతా ప్రతి పాట్‌లక్‌లోనూ ఆంటీ మొదట నాచేతే వాయింపించేవారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టేదీ ఆవిడే. వాళ్ళమ్మాయిని వాయించమంటే మాత్రం, "దానికింకా ఏం వచ్చండీ, మీ అమ్మాయంత టాలెంట్ ఎక్కడిది" అనేవారు. మా అమ్మ పొంగిపోయేది. నేనూ అంతే.

సెలెక్షన్ రోజున తల్లిదండ్రులంతా స్కూలు జిమ్ హాల్లో కూర్చున్నారు. బ్యాండ్ టీచర్ పియానో దగ్గర కూర్చున్నాడు. వాళ్ళమ్మాయి చప్పగానే వాయించింది కానీ ఒక్క తప్పూ లేదు. తర్వాత నేను. పాట మొదటి వరసలోనే ఆయన ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాం, ఇంకా ఘోరంగా వచ్చింది. అలవాటు కొద్దీ 'స'ని జరిపి మూడోసారి ప్రయత్నించాను. ఆయన లేచి వచ్చి నా కాగితం మీద మొదటి చుక్క చూపించి, దీని పేరేమిటని అడిగాడు. 'స' అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. వినపడలేదేమోనని ఇంకా గట్టిగా 'స' అన్నాను.

జిమ్ అంతా నవ్వింది. నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ నవ్వలేదు. అసలు నావైపు చూడనేలేదు, వాళ్ళమ్మాయి జడ సరిచేస్తూ కూర్చున్నారు.

పార్కింగ్ దగ్గర అమ్మ ఆవిడను ఆపింది. "ఇది తప్పు వాయిస్తోందని మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసండీ. పాపం అంత సరదాపడుతోంది, చిన్నపిల్ల మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నా."

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీ మనసు మంచిదండీ" అంది. ఆ మాటకు అమ్మ మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఊరికే పడుందని ఫ్లూటును కూడా వాళ్ళమ్మాయికి ఇచ్చి రమ్మంది అమ్మ. నేనే తుడిచి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి అప్పటికప్పుడు ఊదింది, ఆంటీ పియానో అందుకున్నారు. రెండూ చక్కగా కలిశాయి. పియానోకు ఏ శ్రుతీ తప్పలేదు. నేను అక్కడే నిలబడి ఉండటం చూసి ఆవిడ చాలా ప్రేమగా, "చూశావా బంగారం, గీత మీద ఏముంటే అదే చదవాలి" అన్నారు.

తర్వాత నేను ఆ చుక్కలు సరిగ్గా చదవడం నేర్చుకున్నాను, అది పెద్ద కష్టమేమీ కాలేదు. ఆవిడ నేర్పిన రెండో పాఠమే నన్ను వదల్లేదు. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే వెన్నులో చలి పుడుతుంది. నేనెక్కడ తప్పు చేస్తున్నానో, ఆ తప్పు తెలిసి కూడా వీళ్ళెందుకు చెప్పడం లేదో అని వెతుకుతాను. ఆఫీసులో మేనేజర్లను అలాగే చూశాను. కన్నకూతురు వంట బాగుందంటే దాన్నీ అలాగే చూశాను.

పోయినేడాది ఒట్టావా పక్కన కనాటాలో మావారు హాస్పిటల్ మంచం మీద ఉన్నారు. మాట రావడమే కష్టమవుతున్న రోజులు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, కూడబలుక్కుని, "నన్ను బాగా చూసుకున్నావ్" అన్నారు. ఏ భార్య అయినా ఏడ్చేది. నేను ఆయన ముఖంలోకి చూస్తూ, ఈ మనిషి నా దగ్గర ఏం దాస్తున్నాడా అని వెతికాను. ఆ చూపు ఆయనకు కొత్త కాదు. కాసేపు నన్నే చూసి, నా చెయ్యి వదిలేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.