పంపు గది తాళానికి కొత్త చెవి

మా అపార్ట్‌మెంటుకు నేను కార్యదర్శిని కావడానికి కారణం ఒక్కటే, ఆనాటి మీటింగుకు ఆలస్యంగా వెళ్లడం. నేను వెళ్లేసరికే నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకుని, చాయ్ కూడా తాగేశారు. హనుమకొండలో పద్దెనిమిది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటు మాది. పదవితో పాటు పంపు గది తాళంచెవి నా చేతికొచ్చింది. నేను పనిచేసేది ఒక ప్రభుత్వ కార్యాలయపు రికార్డు గదిలో. ఇరవై ఏళ్లనాటి కాగితాన్నయినా అడిగిన రోజే తీసిస్తానని పేరు. అంతటి పేరున్నవాణ్ని, చెవిని అందరిలా మేకుకు తగిలిస్తే ఎలా? ఇంట్లో చాలా భద్రమైన చోట దాచాను. ఎంత భద్రమైన చోటంటే, నెల తిరిగేసరికి అది నాకు కూడా దొరకలేదు.

మామూలుగా మోటారు దానంతట అదే నడుస్తుంది కాబట్టి ఆ గదితో ఎవరికీ పనిపడదు. ఒక ఆదివారం పొద్దున కరెంటు ఎక్కువ తక్కువై స్టార్టరు పడిపోయింది. కింద సంపు నిండా ధర్మసాగర్ చెరువు నీళ్లు, పైన ట్యాంకు ఖాళీ, మధ్యలో తాళం. ముఖం మీద సబ్బు నురగతోనే ఇద్దరు కిందికి దిగి వచ్చారు. నేను ఇల్లంతా మూడుసార్లు వెతికి, నాలుగోసారి వెతుకుతున్నట్టు నటించి, చివరికి నేరం ఒప్పుకున్నాను.

పగలగొడితే పోయేదే. కానీ ఆ తాళం మా అధ్యక్షుడు అపార్ట్‌మెంటుకు చేసిన విరాళం. వాళ్ల నాన్న పత్తి దుకాణానికి వేసిన పాత ఇత్తడి తాళం, అరచేతి మందాన ఉంటుంది. సుత్తె తెచ్చినవాడికి ఆయన అడ్డం నిలబడ్డాడు.

"దాని మీద దెబ్బ వడితె మా నాయిన మీద వడ్డట్టే" అన్నాడు.

వాళ్ల నాన్నగారిని కొట్టే ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి సుత్తె వెనక్కి పోయింది. అప్పుడు రెండో అంతస్తులో ఉండే లెక్చరర్ ముందుకొచ్చాడు. ఆయనకు తెలియని విషయం లేదు, ఫోనులో సిగ్నలుంటే చాలు. ఏదో వీడియో చూసి, భార్య హెయిర్‌పిన్నులు రెండు తాళంలో దూర్చి తిప్పాడు. రెండు లోపలికి వెళ్లాయి, ఒకటిన్నర బయటికొచ్చింది. "సూత్రం కరెక్టే, పిన్నే నాసిరకం" అని తేల్చి పక్కకు తప్పుకున్నాడు.

ఇదంతా చూస్తున్న మా వాచ్‌మన్ భార్య ఇక ఆగలేక అంది: "బస్టాపు కాడ చాబీలు జేసే అక్క ఉన్నది సార్. ఫోన్ జెయ్యమంటరా?"

అరగంటలో ఆ అక్క స్కూటీ మీద రేకుపెట్టెతో వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నల్ల బురఖా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్లకు ఇనుపరజను నల్లగా పట్టింది. అధ్యక్షుడు ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"మీ ఆయన రాలేదా అమ్మా?"

"ఆయన టైలర్ సార్. తాళం ఆయనకిస్తె కాజాలు కుడ్తడు."

ఆమె పెట్టె తెరవకుండానే అడిగింది: "ఈ గది మీదేనని నాకేం గుర్తు?"

"నేను ప్రెసిడెంటునమ్మా!"

"తాళం తీయించుకునేటోళ్లు అందరు గట్లనే అంటరు సార్." వాచ్‌మన్ భార్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు చెల్లె."

"మనోళ్లే అక్కా."

"గంతె సాలు."

పద్దెనిమిది ఫ్లాట్ల యజమానుల పరువును ఆ విధంగా వాచ్‌మన్ భార్య కాపాడింది.

ముందుగా సన్నటి కొక్కెంతో విరిగిన పిన్నుముక్కను లాగి, లెక్చరర్ చేతిలో పెట్టింది. తర్వాత పళ్లు కోయని కొత్త చెవి ఒకటి తీసి, కొవ్వొత్తి మంట మీద తిప్పి మసి పట్టించింది. తాళంలో పెట్టి, పట్టకారుతో బిగబట్టి కొంచెం తిప్పి, మెల్లగా బయటికి తీసింది.

"లోపల ఆరు రేకులున్నయి. ఏది అడ్డమొస్తాందో అదే వచ్చి మసిల గీత వెడ్తది. మనం గీత ఉన్న కాడ్నే రాకాలె. అన్నా, జర లైట్ పట్టు."

అన్న అంటే నేను. ఫోను లైటు పట్టుకుని కూర్చున్నాను.

"కనిపిస్తాందా?"

"ఆ, కనిపిస్తాంది."

"ఏడ?"

నాకేమీ కనిపించలేదని అప్పుడు ఒప్పుకోక తప్పలేదు. ఆమె చెవిని వెలుతురుకు ఏటవాలుగా తిప్పింది. నల్లటి మసిలో ఆవగింజలో సగం ఉండే ఒక మెరుపు. ఆకురాయితో అక్కడ రెండే రెండు సార్లు రాకింది. మళ్లీ మసి, మళ్లీ తాళం, మళ్లీ చూపు. ఈలోపు చుట్టూ నిలబడ్డవాళ్లు ఊరికే ఉంటారా? ఒకరు కొబ్బరినూనె పోయమన్నారు. ఒకరు గట్టిగా తిప్పమన్నారు. లెక్చరర్ వీడియోలో ఇలా చేయలేదన్నాడు.

"సార్, మీరు పాఠం జెప్పేటప్పుడు నేనొచ్చి మాట్లాడ్తనా?" అంది ఆమె, తల ఎత్తకుండా. జనం పలచబడ్డారు.

ఈ పని ఎవరు నేర్పారని అడిగాను.

"మా నాయిన, మా అబ్బా. స్టేషన్ ఘన్‌పూర్‌ల డబ్బా వెట్టుకొని కూసునేటోడు. ఆడివిల్లకెందుకని నేర్పలె. సద్ది ఇయ్యవోయి ఆడ్నే కూసొని సూస్తుంటి. ఆయనకు కండ్లు మసకలైనంక గీత ఏడున్నదో నేనే జెప్పేది. గట్ల ఇద్దరం కలిసి ఒక్కరి పని జేసినం." ఆకురాయి ఆపి అడిగింది: "చాబీ ఎవరు వోగొట్టిండ్రు?"

మిగిలిన నలుగురూ ఎంతో ఐకమత్యంతో నా వైపు చూశారు.

"ఫికర్ చేయకన్నా. మీసొంటోళ్లు లేకపోతే మా ఇంట్ల పొయ్యి ఎట్ల అంటుకుంటది?"

పొద్దుటి నుంచి నాతో మర్యాదగా మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. ఆ తర్వాత ఆమె చూపిన ప్రతి గీతనూ నిజంగానే చూశాను. నాలుగో రేకు గీత ఆమె చెప్పకముందే నాకు కనిపించింది. వేలితో చూపిస్తే "షాబాష్" అంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు.

గంటన్నర గడిచాక, ఆమె పెద్దగా బలం పెట్టకుండానే తాళం నోరు తెరిచింది. లోపలికి వెళ్లి స్టార్టరు నొక్కాను. మోటారు గురగురమంటే పై అంతస్తు నుంచి చప్పట్లు వినిపించాయి. అధ్యక్షుడు తాళాన్ని రుమాలుతో తుడిచి, "నేను వద్దనకపోతే పగలగొట్టేటోళ్లు" అన్నాడు. ఆమె అక్కడే కూర్చుని అలాంటివే మరో రెండు చెవులు రాకి ఇచ్చింది.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. చెవులు మూడూ అధ్యక్షుడికి, లెక్చరర్‌కు, వాచ్‌మన్ భార్యకు అప్పగించాలని తీర్మానించారు. సమయస్ఫూర్తితో సమస్యను పరిష్కరించినందుకు అధ్యక్షుడికి అభినందనలు కూడా తెలిపారు. కార్యదర్శిని కాబట్టి అదంతా నేనే రాశాను. కింద నా అంతట నేనే ఒక వాక్యం కలిపాను: తాళం తెరిచింది బస్టాపు దగ్గర చెవులు చేసే ఆవిడ అని. చదవకుండా సంతకాలు పెట్టడం మావాళ్ల అలవాటు కావడంతో, అది కూడా ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.