నేను మూడుసార్లు పడ్డ రోజు

ఒకే రోజు మూడు వేర్వేరు చోట్ల పడి, ఒకే చెయ్యి మూడుసార్లు విరగ్గొట్టుకున్న మనిషి కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. నమ్మకపోతే బందరు లేబర్ ఆఫీసులో ఫైలుంది. నిజానికి నేను పడింది ఒక్కసారే. మిగతా రెండుసార్లూ కాగితాల మీద పడ్డాను. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. కాగితాల మీద పడి పోగొట్టుకున్న పరువు ఎలా అతుక్కుందో, అసలు అతుక్కుందో లేదో చదివి మీరే చెప్పండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. కృత్తివెన్ను దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరుని. సూపర్‌వైజరంటే పెద్ద ఉద్యోగం అనుకునేరు. రొయ్యల తలలు తీసే హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, నాకంటే పదింతలు పని తెలిసిన ఆడవాళ్లకి పని ఎలా చెయ్యాలో చెప్పడం నా పని. వాళ్లు నేను చెప్పిందంతా మర్యాదగా విని, తమ పద్ధతిలోనే చేసుకుపోయేవారు. అందరిలోకీ పెద్దావిడ ఖాసింబీ గారు. రోజూ బందరు నుంచి కంపెనీ బస్సులో వచ్చేవారు. ఆవిడ చేతిలో రొయ్య తల ఎప్పుడు ఊడిందో రొయ్యకి కూడా తెలిసేది కాదు.

ఆ హాల్లో నేల ఎప్పుడూ తడే. కరిగిన ఐసు నీళ్లూ, రొయ్యలు కడిగిన నీళ్లూ కలిసి సబ్బు రాసినట్టుండేది. ఒక పొద్దున క్రేటు నిండా రొయ్యలు మోసుకుంటూ తూకం వైపు వెళ్తున్నాను. ఉన్నట్టుండి నా కాళ్లు నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయాయి. నేను జారుకుంటూ పోయి, ఎవరినో గుద్దుకుని ఆగాను. ఎవరినన్నది చూడలేదు. చూసేంతలోనే కుడి మణికట్టు వంకాయలా వాచిపోయింది. చెప్పొచ్చేదేమంటే, నేను పడటం అంతటితో అయిపోయింది. ఇక్కడి నుంచి నా తెలివితేటలు మొదలయ్యాయి.

మా అక్క మొగుడు రాంబాబు బావకి గుడివాడలో కోర్టు ఎదురుగా జిరాక్సు షాపుంది. ఏళ్ల తరబడి లాయర్ల కాగితాలు కాపీలు తీసి తీసి తానూ సగం లాయరునయ్యానని ఆయన నమ్మకం. మా ఇంటిల్లిపాదిదీ అదే నమ్మకం. అందుకే ప్లాంటు వ్యాను నన్ను గుడివాడలో ఆసుపత్రి ముందు దించేసరికి డాక్టరు కంటే ముందు ఆయనే ఎదురొచ్చాడు.

“ఫ్యాక్టరీలో పడ్డానని మాత్రం అనకు. పోలీసు కేసవుద్ది. డాక్టరు చెయ్యి కూడా ముట్టుకోడు. ఇంట్లో బాత్రూంలో జారానని చెప్పు,” అన్నాడు.

నొప్పితో ఉన్నవాడికి ఎవరు గట్టిగా చెబితే అదే నిజం. ఒంటి మీద ప్లాంటు కోటు, కాళ్లకి మోకాళ్ల దాకా గమ్ బూట్లు వేసుకుని, బాత్రూంలో జారానని చెప్పాను. నర్సమ్మ నా బూట్ల వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. అది మొదటి కాగితం.

మర్నాడు మేనేజరు గారు యాపిల్ పళ్లతో వచ్చారు. ఎంతో నెమ్మదైన మనిషి. డ్యూటీకి వస్తుండగా గేటు బయట బండి జారిందని రాస్తే ఇన్సూరెన్సు వాళ్లు తొందరగా పాస్ చేస్తారని చెప్పి, తానే రాసి తెచ్చిన ఫారం చూపించారు. నాకు బండి లేదని చెబుదామనుకున్నాను. అప్పటికే ఆయన పళ్లు తిన్నాను. మొహమాటపడి ఎడంచేత్తో సంతకం పెట్టాను. అది రెండోది.

కట్టు విప్పాక డ్యూటీకి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. బయట పడ్డ మనిషికి మా బాధ్యత లేదు, వైద్యం ఖర్చు ఇవ్వం, మళ్లీ పనిలోకి కూడా తీసుకోం అన్నారు. నా మణికట్టేమో గ్లాసు కూడా సరిగ్గా ఎత్తనివ్వడం లేదు. గుడివాడ పరిగెత్తాను. బావ ఏ మాత్రం తొణకలేదు. పరిహారం కోసం లేబర్ ఆఫీసులో వెయ్యమని అర్జీ టైపు చేయించాడు. అందులో నేను హాల్లోనే పడ్డానని నిజం ఉంది, నిజమే. కాకపోతే బలం చాలదని పది అడుగుల ఎత్తు మెట్ల మీద నుంచి పడ్డానని చేర్పించాడు. మా ప్లాంటులో మెట్లే లేవు. అది మూడోది.

విచారణ రోజు బందరు బస్సులో బావ నాకు ఒకే పాఠం చెప్పాడు. నా సంతకం ఉన్న ఏ కాగితాన్నీ కాదనకూడదు, కాదంటే అబద్ధాలకోరు కింద జమకట్టి కేసు కొట్టేస్తారు అని. నాకు అది ఎంతో సబబుగా తోచింది. దారి పొడవునా మననం చేసుకున్నాను.

లేబర్ ఆఫీసరు గారు కళ్లజోడు పెట్టుకున్న నడివయసు మనిషి, ఆడమనిషి. మూడు కాగితాలూ వరసగా పేర్చుకుని నా వైపు చూశారు.

“ఇందులో బాత్రూం అని ఉంది. ఇందులో బండి. ఇందులో మెట్లు. మీరు ఆ రోజు ఎన్నిసార్లు పడ్డారండీ?”

బావ వైపు చూశాను. ఆయన కళ్లతోనే కాదనకు అన్నాడు.

“మూడుసార్లండీ,” అన్నాను.

కంపెనీ లాయరు గారు మెల్లిగా లేచి, మరి చెయ్యి ఎన్నోసారి పడ్డప్పుడు విరిగిందని అడిగారు.

ఒక్కదాని పేరు చెబితే మిగతా రెండూ కాదన్నట్టే కదా. బుర్ర బద్దలు కొట్టుకుని ఆలోచించి, “కొంచెం కొంచెంగా అన్నిసార్లూ విరిగిందండీ,” అన్నాను.

ఆఫీసరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. బావ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. లాయరు గారు ఇంక నాతో పని లేదన్నట్టు తమ సాక్షిని పిలిచారు. వచ్చింది ఖాసింబీ గారు. ఆవిడ కంపెనీ బస్సులో, మేనేజరు గారి పక్కనే వచ్చారు. రేపు పని ఉండాలంటే ఏం చెప్పాలో ఆవిడకి ముందే చెప్పి ఉంటారు కదా.

“ఇతను హాల్లో పడటం మీరు చూశారా?” అని లాయరు అడిగాడు.

“చూళ్లేదు సార్.”

లాయరు నవ్వుతూ కూర్చోబోయాడు. ఆవిడ ఇంకా ముగించలేదు.

“నేను అటు తిరిగి కూచున్నా. చూట్టానికి లేదు. నా వీపు మీద వచ్చి పడ్డాడు.”

లాయరు మళ్లీ లేచి, ఆసుపత్రి కాగితంలో బాత్రూం అని స్పష్టంగా ఉందే అన్నాడు.

“ఆయన బాత్రూంలో నేనెందుకుంటా సార్?” అన్నారు ఖాసింబీ గారు.

ముందు గుమాస్తా నవ్వాడు. తర్వాత ఆఫీసరు గారు. చివరికి మేనేజరు గారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నవ్వులు తగ్గాక ఆఫీసరు గారు నన్ను పిలిచి, ఎవరి వైపూ చూడకుండా జరిగింది చెప్పమన్నారు. చెప్పాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. ఇన్ని నెలలు ఇది ఎందుకు చెప్పలేకపోయానో నాకే అర్థం కాలేదు. ఇంకో రెండు వాయిదాలు తిరిగాక తీర్పు నా వైపే వచ్చింది. కంపెనీ పరిహారమూ ఇచ్చింది, ఉద్యోగమూ ఇచ్చింది. ఖాసింబీ గారి జోలికి మాత్రం పోలేదు. ఆవిడ లేకపోతే ఆ హాల్లో పని ఎలా నడుస్తుందో వాళ్లకీ తెలుసు.

ఆ ఆదివారం బందరులో ఖాసింబీ గారింటికి వెళ్లాను. బందరు మనిషి కోసం బందరు లడ్డూలు కొనుక్కెళ్లాను, అప్పటికీ నా తెలివి అంతే. ఆవిడ నవ్వి, కుర్చీ చూపించి, తాను మాత్రం గోడ పట్టుకుని మెల్లిగా, చాలా మెల్లిగా కింద కూర్చున్నారు. ఏమైందని అడిగాను.

“ఏముంది బాబూ. ఆ రోజు నువ్వు పడ్డావు కదా, అప్పటి నుంచి నడుము పట్టేసింది. నన్నెవరూ అడగలేదు.”

అన్ని కాగితాల మీద నేను పడ్డాను గానీ, ఎవరి మీద పడ్డానో ఒక్క కాగితంలోనూ లేదు. ఆ మాట రాయించాలని నాకు తోచనే లేదు. సిగ్గుతో చచ్చిపోయి, అర్జెంటుగా ఆవిడ తరఫున కూడా అర్జీ పెడదామని, కాగితం ఇస్తే నేనే రాస్తానని లేచాను.

ఖాసింబీ గారు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. “నువ్వు మాత్రం రాయకు బాబూ. నువ్వు రాస్తే నేను ఇంకో రెండుసార్లు పడాల్సి వస్తది.”

అర్జీ వేరేవాళ్లు రాశారు. నేను సాక్షిగా వెళ్లి ఒక్క ముక్క చెప్పి, నోరు మూసుకుని వచ్చాను. ఆ రోజే లేబర్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట ఎంత తడి నేల మీదైనా సరే, రోజుకి ఒక్కసారే పడతాను, ఒక్క చోటే పడతాను. పడ్డాక మొట్టమొదట, కింద ఎవరున్నారో చూస్తాను.