ఆంటీకి రెస్పైట్ ఇప్పించిన వైనం

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషులో కష్టమైన మాటలన్నింటికీ అర్థాలు తెలుసు. వాటిలో ఏ ఒక్కదానితోనూ అప్పటికి పనిపడలేదు, అంతే. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతూ, ఎదురు అపార్ట్‌మెంట్ ఆంటీ పెట్టే పప్పన్నం మీద బతుకుతున్న కాలమది. ఆంటీ అత్తగారు, అంటే మామ్మగారు, తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీలో ఉండేవారు. అంకుల్‌కి వేరే రాష్ట్రంలో ప్రాజెక్టు. మామ్మగారు రాత్రనక పగలనక పిలుస్తూనే ఉంటే, ఆంటీ గరిటె పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడేవారు. ఒకరోజు ఇంటికొచ్చిన నర్సు, ఇలాగైతే నువ్వూ మంచాన పడతావు, నీకు రెస్పైట్ కావాలని గట్టిగా చెప్పి వెళ్ళింది.

"అదేం మందు నాయనా, ప్రిస్క్రిప్షన్ కావాలా?" అని ఆంటీ నన్నడిగారు. అడిగిన పాపానికి మొత్తం చెప్పాను. "తాత్కాలిక ఉపశమనం ఆంటీ. వెనక్కి తిరిగి చూడటం అనే లాటిన్ మాటలోంచి పుట్టింది. కొన్నాళ్ళు ఫ్రెంచివాళ్ళ దగ్గరుండి, గడువు, వాయిదా అనే అర్థాలతో ఇంగ్లీషులోకొచ్చింది. రెస్పెక్ట్ కూడా దీని తోబుట్టువే." (నన్ను మధ్యలో ఆపడం ఆ వయసులో ఎవరి తరమూ కాదు.) ఆంటీ ఓపిగ్గా విని, "దీనికింత వంశవృక్షమా! కాస్త జరుగు, పాలు పొంగుతున్నాయి" అన్నారు. ఆవిడ మీద జాలేసి, శనివారం మధ్యాహ్నం మామ్మగారిని నేను చూసుకుంటాను, మీరు హాయిగా మాల్‌కి వెళ్ళిరండని మాటిచ్చేశాను.

ఆంటీ గడప దాటగానే మామ్మగారు నన్ను అందుకున్నారు. కాఫీ చల్లగా ఉందన్నారు, వేడిచేస్తే కాలిందన్నారు, దిండు ఎత్తన్నారు, పల్లమన్నారు. ఈలోగా ఆంటీ ఫోన్. "అత్తయ్యగారు టాబ్లెట్ వేసుకున్నారా? నేను మాల్‌లోనే ఉన్నాలే." చివరికి మామ్మగారు కుర్చీ కిటికీ దగ్గరికి జరపమన్నారు. జరిపి కిందికి చూస్తే, పార్కింగ్‌లో ఆంటీ కారు పెట్టినచోటే ఉంది. అద్దాలు దించి, సీటు వెనక్కి వాల్చుకుని, నోరు తెరుచుకుని ఆంటీ నిద్రపోతున్నారు. నాకు గాభరా పుట్టి తలుపు వైపు పరిగెత్తాను.

"ఆగబ్బాయ్, లేపావంటే ఊరుకోను" అన్నారు మామ్మగారు. "ఇంట్లో ఉంటే నేను పిలవకుండా ఉండలేను, అది పలకకుండా ఉండలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే నేను పడుకున్నానని చెప్పు." ఆ తర్వాత ఆవిడ కాఫీ అడగలేదు, దిండు అడగలేదు. కిటికీలోంచి కోడలినే చూస్తూ కూర్చున్నారు. ఎవరైనా కారు తలుపు గట్టిగా వేస్తే మాత్రం ఇక్కణ్ణుంచే తిట్టేవారు, గొంతు తగ్గించి.

చీకటి పడేవేళకి ఆంటీ వచ్చారు, చెంప మీద సీటు కుట్ల అచ్చుతో. "మాల్ అంతా తిరిగాను, కాళ్ళు పీకుతున్నాయి" అన్నారు. "నేనూ ఇప్పుడే లేచాను" అన్నారు మామ్మగారు. నాకు నవ్వూ, ఎందుకో కొంచెం ఏడుపూ వచ్చాయి. వచ్చే శనివారం కూడా నేనే చూసుకుంటానని గంభీరంగా ప్రకటించాను. ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తుంది. ఆంటీకి విశ్రాంతి తనే ఇచ్చాననుకుంటూ మెట్లు దిగాడు పాపం.