కప్పు మాట వినే మనిషి

గోదావరిఖనిలో ఎల్లేశం పని వినడం. బొగ్గుగనిలో దిగి ఇనుప కడ్డీతో పైకప్పును తడతాడు. ఖంగుమంటే కింద మనుషులు పని చేయవచ్చు; డొల్లగా పలికితే అందరినీ వెనక్కి పంపాలి. ముప్పై ఏళ్లుగా ఇదే. అలాంటివాడికి షుగర్ మూడు వందలు దాటింది.

"మూడు నెలల్ల కసరత్తు చేసి తగ్గించుకో. లేకుంటే నిన్ను బొగ్గుబాయి దిగనియ్య," అన్నాడు డాక్టరు.

భార్య సారక్క నోరు ఊరుకోని మనిషి. మర్నాడే కాలనీ మైదానంలో నడిచే నవ్వుల క్లబ్బుకు చేయి పట్టి లాక్కుపోయింది. ఇరవై మంది గుండ్రంగా నిలబడి, చేతులెత్తి పకపకా నవ్వారు. ఎల్లేశం నోరు తెరిచాడు గానీ నవ్వు రాలేదు.

"నవ్వుతె పండ్లు ఊడిపోతయా?" అంది సారక్క దారిలో.

అతను అడుగు వేగం పెంచాడు. పదేళ్ల కింద, గనిలో, తోటి కార్మికుడు సదయ్య చెప్పిన ముచ్చటకు కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వులో కప్పు చిటపటలాడటం వినలేదు. కప్పు కూలి, సదయ్య ఎడమకాలు ఆ రాళ్ల కిందే పోయింది. సారక్కకు కాలు సంగతి తెలుసు. నవ్వు సంగతి తెలియదు.

నెల దాటినా క్లబ్బులో నవ్వు రాలేదు; తర్వాత వసీం జిమ్ము. గోడలు అదిరేలా పాటలు. నాలుగో రోజు వెనక ఎవరో బరువులను దభాలున వదిలారు. "ఉరుకుండ్రి!" అని అరిచి, పక్కనున్న ఇద్దరి చొక్కాలు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు ఎల్లేశం. అంతా విరగబడి నవ్వారు.

"కాకా, ఇది బాయి కాదు, నా దుకాణం! గిరాకీని ఎల్లగొడుతున్నవేంది?" అన్నాడు వసీం. ఎల్లేశం ఇంకా ఆ ఇద్దరి చొక్కాలు వదలకపోవడం చూశాక పాట కట్టేశాడు. "నీకు సప్పుడు పడదు కాకా. జర ఒక్కనివే నడువు."

అప్పటికే నెలన్నర పోయింది. మూతపడ్డ పాత గనికి వెళ్లే రోడ్డు మీద తుమ్మల మధ్య నడక మొదలుపెట్టాడు. అక్కడ తన అడుగులు తనకు వినపడ్డాయి. వెంట వస్తానన్న సారక్కతో "మాట్లాడకుంటెనే" అన్నాడు. ఆమె పది అడుగుల వెనక, కొంగు నోటికడ్డం పెట్టుకుని రెండు రోజులు నడిచింది. మూడో రోజు "గిట్లయితె నేను సచ్చిపోత" అని మానేసింది.

మూడు నెలల గడువుకు షుగర్ తగ్గింది, కానీ రెండు వందల ఇరవై దగ్గర ఆగిపోయింది. డాక్టరు మూడు నెలలు గని బయట డ్యూటీ రాశాడు. కప్పు తట్టే కడ్డీ కుర్ర కార్మికుడు వేణుమాధవ్ చేతికి పోయింది.

ఎల్లేశం నడక మానలేదు. నిన్న పొద్దున నైట్ షిఫ్టు ముగించుకుని బండి మీద వస్తూ వేణుమాధవ్ ఎదురయ్యాడు.

"రూఫ్ మంచిగున్నది కాకా. ఫికర్ చెయ్యకు."

"తట్టినవా?"

"అంతా తట్టిన."

"ఇన్నవా?"

వేణుమాధవ్ బొగ్గుతో నల్లబడ్డ మొహం తుడుచుకుని బండి కదిలించాడు.

ఎల్లేశం ఇంటికి తిరిగే మలుపు దాటి, ఇంకో చుట్టు నడవసాగాడు.