కిషన్ రావు బొటనవేలి గోరు

“అల్లుడా, నా పండ్లసెట్టును ఎందుకు గీకుతానవ్?”

మామగారి ప్రశ్నకు మా కిషన్ రావు బొత్తిగా సిగ్గుపడలేదు. “బయట మంచిగనే జారుతాంది మామయ్యా, లోపటనే జర గరుకున్నది” అని రిపోర్టిచ్చి, పళ్లను మళ్లీ గ్లాసులో వేశాడు.

కంటబడ్డ ప్రతిదాన్నీ బొటనవేలి గోటితో గీకి చూడందే ఆయనకు పొద్దు గడవదు. హన్మకొండలో ఇద్దరం ఒకే కాలేజీలో ఇంజనీరింగు పాఠాలు చెప్పేవాళ్లం. ప్రిన్సిపాల్ టీ కప్పు గీకాడు. పెళ్లికి పోయి పెళ్లికొడుకు వాచీ అద్దం గీకాడు. గుళ్లో గడప గీకుతుంటే, అదేదో మొక్కు అనుకుని వెనకాల జనం వరస కట్టి గీకారు.

ఆ గోటికి ఒక లక్ష్యముంది. గాలి తీసేసిన గాజు జాడీలో గ్యాసు వదిలి, కరెంటు పెట్టి, పింగాణీ మీద పలచటి నల్లని కార్బన్ పొర ఎక్కించాలి. అది వజ్రంలా గట్టిగా ఉండాలి, నూనె రాసినట్టు జారాలి. ప్రయోగానికి వాడే పింగాణీ, దారం దూరి పోవడానికి మిషన్లకు బిగించే చిన్న కన్నులు; చవక గనక. నాలుగేళ్లు పొర ఉల్లిపొట్టులా లేచింది. 1985లో ఒక పొద్దున కారిడార్ అదిరేలా అరిచాడు: “ఇరిగింది! ఇరిగింది భై!”

“జాడీనా?” అని పరుగెత్తాను.

“గోరు! పొర మీద గీత గూడ పడలే!”

అలాంటివి ఆరు కన్నులు తయారయ్యాయి. ఢిల్లీ సదస్సులో వాటిని చూపిస్తే ప్రమోషను ఖాయం.

ఆ వారమే విద్యార్థులతో ఒక దారం కార్ఖానాకు వెళ్లాం. మేస్త్రీ ఎల్లస్వామి, చిలుకమ్మ అనే పనామెను దులిపేస్తున్నాడు: “నీ మిషన్ మీదనే దారమెందుకు తెగుతాంది? రేపటిసంది రాకు!”

కిషన్ రావు నేరుగా పోయి ఆమె మిషన్ కన్నులు గీకాడు. విరగ్గా మిగిలిన గోరు టక్కున ఆగింది. దారం రాపిడికి పింగాణీలో గాడి పడింది. ఆ గాడే దారాన్ని కోస్తోంది.

“మేస్త్రీ, నా రీసెర్చికి ఈ మిషనే కావాలె. నడిపేటామె గూడ ఈమెనే కావాలె. మనిషి మారితే లెక్క తప్పుతది” అని శాస్త్రం పేరిట పచ్చి అబద్ధమాడి, జేబులోంచి ఆరు నల్ల కన్నులూ తీసి అక్కడే బిగించాడు.

“అవి ఢిల్లీవి గదా!” అన్నాను.

“ఢిల్లీల ఎవలి దారం తెగుతాంది?”

నెల తిరిగినా గాడి పడలేదు, దారం తెగలేదు. సదస్సుకు వట్టి చేతులతో పోయొచ్చిన మనిషిని చూసి చిలుకమ్మ అంది: “సారూ, మేస్త్రీ ఇప్పుడు నన్ను అక్కా అంటాండు!”

కార్ఖానా యజమాని మిగతా మిషన్లన్నిటికీ మా కాలేజీలోనే నల్ల కన్నులు చేయించుకున్నాడు. వాటి తాలూకు డబ్బు కాలేజీకి ఇంకా రావాలి.